బ్రేకు వదిలిన చెయ్యి

"నేనే చంపానేమో. నాకే తెలియడం లేదమ్మా," అన్నాడు విల్‌ఫ్రెడ్ హాకింగ్, కుర్చీ అంచున కూర్చుని.

ప్రైవేట్ డిటెక్టివ్ హెస్టర్ ప్రైడో ఆయన్ని తొందరపెట్టలేదు. ఆమె సహాయకుడు డెంజిల్ టీ పోశాడు. ముసలాయన కప్పు ముట్టుకోలేదు.

పోల్‌గారిక్ రేవులో ఒకప్పుడు ఓడల సరుకు లాగిన ఆవిరి ఇంజన్ లవీనియాను ఓ సంఘం బాగుచేసి, సెలవు రోజుల్లో జనం కోసం నడుపుతోంది. డ్రైవరు విల్‌ఫ్రెడే. ఆదివారం పొద్దున్న ఆవిరి పట్టాక ఆయన క్యాంటీన్‌కి వెళ్లాడు. ఆ కాసేపట్లో ఇంజన్ కదిలి, పట్టాల చివరి దిమ్మెకూ తనకూ మధ్య సంఘం కార్యదర్శి గాస్కిన్‌ను నలిపేసింది. చూస్తే హ్యాండ్‌బ్రేకు వదిలి ఉంది. ఆవిరి కవాటం కాస్త కారుతుంది కనుక, బ్రేకు లేక ఇంజన్ దానంతటదే పాకిందన్నారు. రేపే విచారణ. తప్పు విల్‌ఫ్రెడ్‌దని తేలితే జైలు.

"బ్రేకు బిగించానా అని వెతుక్కుంటే నా చేతులు కనిపిస్తాయి. కానీ అవి ఏ రోజువో తెలియదు."

వాళ్లిద్దరూ వెళ్లేసరికి ఇంజన్ షెడ్డులో బొగ్గు వాసన చల్లబడి ఉంది. పోలీసులు గడ్డపారలతో ఇంజన్ను వెనక్కి నెట్టి శవాన్ని తీశారు గానీ లోపల ఏదీ ముట్టుకోలేదు. డెంజిల్ ఎక్కి చూసి చెప్పాడు. బ్రేకు వదులు, ఆవిరి పిడి మూసి ఉంది, ఇంజన్ను ముందుకో వెనక్కో మళ్లించే లివరు నడుమ ఉంది.

"అంతా పద్ధతిగానే ఉంది, ఒక్క బ్రేకు తప్ప," అన్నాడు.

హెస్టర్ ఆ లివరు వంక చాలాసేపు చూసింది.

సంఘం అధ్యక్షురాలు ఇసొబెల్ థేన్‌కు ఏ పిడి దేనికో తెలియదు. లవీనియా బాయిలర్ ఖాళీ చేసి, రంగులేసి, గేటు ముందు బొమ్మలా నిలబెట్టాలని గాస్కిన్ పట్టుబట్టాడని ఆమె చెప్పింది. బొగ్గు వేసే పెరన్ ట్యూక్ అరుపు విని అందరికంటే ముందు వచ్చానని, ఇంజన్ ఎక్కలేదని చెప్పాడు. ఎన్నో శీతాకాలాలు ఆ ఇంజన్ కింద పడుకుని తుప్పు గీకినవాడు అతను. విల్‌ఫ్రెడ్ గురించి అడిగితే క్యాంటీన్ వంటావిడ నాన్సీ మాత్రం నవ్వింది.

"ఈయనెక్కడికి పోతాడమ్మా? సాసేజీల ముందు కూర్చున్నాడు. ఢామ్మని శబ్దం రాగానే టీ అంతా నా ఏప్రన్ మీద ఒలకబోశాడు. ఇంకా ఉతికివ్వలేదు."

సాయంత్రం హెస్టర్ అందరినీ ఇంజన్ పక్కకు పిలిచింది.

"లివరు నడుమ ఉంటే ఆవిరి ఎంత కారినా చక్రం తిరగదు. దిగేముందు డ్రైవర్లు దాన్ని నడుమకు తెచ్చేది అందుకే. కానీ ఈ ఇంజన్ కదిలింది. కదిలినప్పుడు లివరు నడుమ లేదు, ఆగాక ఎవరో తెచ్చి పెట్టారు. నేరం విల్‌ఫ్రెడ్ మీదకు పోవాలని బ్రేకు కావాలనే వదిలేశారు. లివరు మాత్రం వాళ్లకు తెలియకుండానే, అలవాటు కొద్దీ, చెయ్యి సర్దేసింది. ఆ అలవాటు ఇక్కడ ఇద్దరికే ఉంది, డ్రైవరుకూ బొగ్గు వేసేవాడికీ. ఒకరు నాన్సీ కళ్లముందే ఉన్నారు."

పెరన్ తన కుడిచేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాడు.

"గాస్కిన్ దాన్ని చల్లార్చేస్తానన్నాడు," అన్నాడు. "దిమ్మె పగిలింది, చూడ్డానికి రమ్మన్నాను. వచ్చి నిలబడ్డాడు."

"మరి నన్నెందుకురా ఇరికించావు?" అడిగాడు విల్‌ఫ్రెడ్, గొంతు పెంచకుండా.

"ముసలాడు, మరిచిపోయాడని వదిలేస్తారనుకున్నా. పెద్దాయనా, లివరు సర్దకుండా దిగితే నువ్వు చెవి మెలేసేవాడివి కదా. ఆ రోజు కూడా సర్దానని నాకు ఇప్పటిదాకా తెలియదు."

పోలీసులు అతన్ని తీసుకెళ్లారు. మీ తప్పేమీ లేదని హెస్టర్ చెప్పినప్పుడు విల్‌ఫ్రెడ్ తలూపాడు. తరువాత ఒక్కడే ఇంజన్ ఎక్కాడు. బ్రేకు బిగిస్తున్న తన చేతులనే చూసుకుంటూ, అవి ఎంతవరకు తనవో తేల్చుకోలేక, అక్కడే ఉండిపోయాడు.