బురద మీద నడిచొచ్చిన ఆవిడ

శనివారం పొద్దున తెనాలిలో బయలుదేరేటప్పుడు మేం పెద్దగా ఏమీ అనుకోలేదు. బాపట్ల వెళ్ళి సూర్యలంకలో సముద్రం చూడటం, రాత్రికి అక్కడే ఉండటం, ఆదివారం రేపల్లె మీదుగా తిరిగి ఇంటికి రావడం. పాపకి నాలుగేళ్ళు నిండాయి గానీ అప్పటిదాకా సముద్రం చూడలేదు. మా ఆయన గోపీకృష్ణకి సెల్‌ఫోన్ల షాపు. ఆదివారం కూడా తీస్తారు. పెళ్ళయ్యాక వరుసగా రెండు రోజులు షాపు మూసింది అదే మొదటిసారి.

శనివారం బాగా గడిచింది. మొదటి అల చూసి పాప నా కాళ్ళకి చుట్టుకుని ఏడ్చింది. గంట తరవాత, ఇంక పోదాం రా అంటే రానని ఏడ్చింది. కారు నిండా ఇసుకే.

ఆదివారం రేపల్లెలో భోజనం చేస్తుంటే హోటలాయన చెప్పాడు. ఇంకా కిందికి పోతే ఒక రేవు ఉందట. అక్కణ్ణించి పడవలో మడ అడవుల్లోకి తీసుకెళ్తారట. ఇంత దూరం వచ్చి అది చూడకుండా పోతారా అన్నాడు.

మేం రేవుకి చేరేసరికి మూడు దాటింది. అరవై దాటిన మనిషి ఒకాయన పడవ పక్కన కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పేరు పేరయ్య అన్నాడు.

"ఇప్పుడు కాదు బాబూ. పాటు మొదలై చాలాసేపైంది. కాసేపట్లో పాయలో నీళ్ళు సముద్రంలోకి తీసేస్తాయి. రేపు పొద్దున రండి."

"రేపు షాపు తియ్యాలి బాబాయ్. అరగంట చాలు. అట్లా చూసి ఇట్లా వచ్చేద్దాం," అన్నారు మా ఆయన.

పేరయ్య నా చంకలో ఉన్న పాప వైపు చూశాడు.

"పిల్ల ఉంది కదండీ."

"పిల్ల కోసమే కదా," అని నవ్వారు ఈయన.

పేరయ్య కాసేపు నీళ్ళ వైపు చూసి వల పక్కన పెట్టి లేచాడు. ఆయన మొహంలో ఇష్టం లేదని నాకు తెలుస్తూనే ఉంది. నేను వద్దనొచ్చు. అనలేదు.

ఇంజను పడవ. మేం ముగ్గురం, పేరయ్య. పాయ లోపలికి పోయేకొద్దీ సన్నబడింది. రెండు పక్కలా పొట్టి చెట్లు ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడ్డాయి. వాటి వేళ్ళు బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఉప్పువాసన, కుళ్ళిన ఆకుల వాసన. ఎర్ర పీతలు కనబడితే పాప చప్పట్లు కొట్టింది. ఈయన ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ ఫొటోలు తీస్తూనే ఉన్నారు.

వెనక్కి తిప్పినప్పుడు పడవ అడుగున గర్రున చప్పుడైంది. పేరయ్య ఇంజను ఆపాడు. గెడకర్ర తీసుకుని నెట్టాడు. నిలువెత్తుకి మించిన ఆ కర్ర మూడొంతులు బురదలోకి దిగిపోయింది గానీ పడవ కదల్లేదు. కర్ర బయటికి లాగడానికే ఇద్దరు మగవాళ్ళు కావాల్సొచ్చింది.

పావుగంటలో చుట్టూ నీళ్ళు మాయమయ్యాయి. పాయ ఉన్న చోట నల్లగా మెరిసే బురద మాత్రమే మిగిలింది.

పేరయ్య ఎవరికో ఫోను చేసి మాట్లాడి పెట్టేశాడు. "ఎవరూ రాలేరు. పడవ రావాలన్నా నీళ్ళు ఉండాలి కదండీ. మళ్ళీ పోటు వచ్చేసరికి ఆరున్నర."

"అవతలి గట్టు నాలుగు బారలే కదా, దిగి నడిచిపోదాం," అని ఈయన ఒక కాలు కిందికి పెట్టారు. పేరయ్య అరిచేలోపు తొడ దాకా దిగిపోయారు. ఇద్దరం చంకల కింద చేతులేసి లాగాం. మనిషి వచ్చాడు. చెప్పు రాలేదు.

ఆ తరవాత ఎవరం కదల్లేదు.

ఐదున్నరకి మా సీసాలో నీళ్ళు అయిపోయాయి. మిగతావి కారులో ఉన్నాయి. పాప దాహం దాహం అని మొదలుపెట్టి ఏడుపులోకి దిగింది. ఎండ పచ్చబడి చెట్ల మీద నుంచి జారిపోతోంది. బురదలో పీతలు టిక్కుటిక్కుమంటున్నాయి. చెట్ల మీద కొంగలు గోలగోలగా ఉన్నాయి.

ఉన్నట్టుండి ఆ చప్పుళ్ళన్నీ ఆగిపోయాయి.

ముందు వాసన వచ్చింది. కట్టెల పొగ. ఉడుకుతున్న అన్నం. చేపల పులుసు. ఏదో ఇంటి వెనక పెరట్లో నిలబడ్డట్టుంది.

"దగ్గర్లో ఊరుందా బాబాయ్?" అన్నారు ఈయన ఆశగా.

పేరయ్య తల దించుకుని, చెట్ల వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

చెట్ల మధ్యలోంచి ఒకావిడ వచ్చింది.

ముప్పై ఏళ్ళుంటాయి. గంజి పెట్టిన నేత చీర. చంకలో ఇత్తడి బిందె. తిన్నగా మా వైపే నడిచొచ్చి పడవకి రెండడుగుల దూరంలో ఆగింది.

"ఏంటి చెల్లెమ్మా, చిక్కుకుపోయారా?"

ఎంత చల్లగా ఉందో ఆ గొంతు. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"అవునక్కా. పిల్లకి దాహం... కాసిని నీళ్ళుంటే..."

"పసిదాన్ని ఎండలో ఇట్లా కూర్చోబెడతారా? ఇటివ్వు. ఇల్లు ఇక్కడే. ఇన్ని నీళ్ళు తాగించి, అన్నం పెట్టి, పోటు వచ్చేసరికి తెచ్చిస్తాను."

పాప ఏడుపు ఆపింది. ఆవిడ వైపు రెండు చేతులూ చాచింది. మా పాప కొత్తవాళ్ళ దగ్గరికి పోదు. మా అత్తగారి దగ్గరికి పోవడానికే ఏడాది పట్టింది.

"ఇవ్వు సునీలా," అన్నారు ఈయన. "నువ్వు కూడా ఆవిడతో..."

మాట మధ్యలో ఆగిపోయింది. ఈయన ఆవిడ కాళ్ళ వైపు చూస్తున్నారు.

నేనూ చూశాను.

కాళ్ళకి పసుపు. వెండి మట్టెలు. ఎక్కడా బురద చుక్క లేదు. ఆవిడ నడిచొచ్చిన దారి పొడుగునా ఒక్క అడుగు గుర్తు లేదు. గెడకర్రని మింగిన బురద... ఆవిడ కింద నాపరాయిలా ఉంది.

"అమ్మా," పేరయ్య తల ఎత్తకుండా గొణిగాడు. "ఆ అడవిలో ఇల్లు లేదమ్మా. ఏనాడూ లేదు."

పాపని గుండెకి అదుముకున్నాను. ఆవిడ మొహంలో నవ్వు అలాగే ఉంది. ఒక అడుగు ముందుకు వేసింది. చెయ్యి పడవ అంచు మీద పెట్టింది.

"వెళ్ళక్కా," అన్నాడు పేరయ్య, ఇటు తిరక్కుండానే. "ఇది నీ బిడ్డ కాదు."

"నువ్వెప్పుడూ అదే అంటావు పేరయ్యా."

పడవ ఒక పక్కకి ఒరిగింది.

"కళ్ళు మూసుకోండమ్మా! పిల్లని వదలొద్దు. నేను చెప్పేదాకా తెరవొద్దు!"

మూసుకున్నాను. వాసన మొహానికి దగ్గరగా వచ్చింది. కట్టెల పొగ... దాని వెనక ఇంకేదో, ఎన్నాళ్ళో నీళ్ళలో నానిన బట్టల వాసన. ఎవరో పాపని లాగుతున్నారు. బలంగా కాదు. నిద్రపోతున్న పిల్లని తల్లి ఒళ్ళోంచి మెల్లగా తీసుకున్నట్టు... అంత నెమ్మదిగా. నేను గోళ్ళు దిగేలా పట్టుకున్నాను. పాప ఏడుస్తోంది. అమ్మా అంటోంది. పట్టుకున్నాను. పట్టుకున్నాను...

ఏడుపు ఆగిపోయింది.

లాగడమూ ఆగిపోయింది.

తరవాత దూరంగా, చెట్ల వెనక ఎక్కడో, ఒక పిల్ల ఏడుపు వినబడింది. దూరమవుతూ దూరమవుతూ సన్నబడింది. అది నా పాపది కాదు. నా పాప నా చేతుల్లోనే ఉంది. బరువుగా, వెచ్చగా, నా మెడ మీద ఊపిరి వదులుతూ.

"తెరవండమ్మా," అన్నాడు పేరయ్య.

చీకటి పడుతోంది. పడవ కింద నీళ్ళు గలగలమంటున్నాయి. ఆవిడ లేదు. పాప నా భుజం మీద నిద్రపోతోంది. వాసన లేదు. చెట్ల మీద కొంగలు ఎప్పటిలాగే గోల చేస్తున్నాయి.

నీళ్ళు పడవని ఎత్తగానే పేరయ్య ఇంజను వేసి రేవుకి తీసుకొచ్చాడు. కారెక్కుతుంటే పేరయ్య పాప మొహంలోకి వంగి చాలాసేపు చూశాడు. "తప్పు నాదేనమ్మా. పిల్ల ఉంటే తీసుకుపోకూడదు. మా నాన్న చెప్పిపోయాడు," అన్నాడు. ఈయన ఆయన నంబరు రాసుకుని మా ఇద్దరివీ ఇచ్చారు.

తెనాలి వచ్చాక ఆ సంగతి మేం మాట్లాడుకోలేదు. ఒకసారి నేను మొదలుపెడితే ఈయన లేచి వెళ్ళిపోయారు. పాప మాత్రం చక్కగా ఉంది. వేళకి తింటోంది, వేళకి పడుకుంటోంది. అసలు పేచీయే పెట్టడం లేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం పేరయ్య ఫోను చేశాడు. ఈయన షాపులో ఉన్నారు. పాప హాల్లో నేల మీద కూర్చుని, నాకు వీపు పెట్టి, బొమ్మలకి రంగులు వేసుకుంటోంది.

"అమ్మా, పాప బాగుందా?"

"బాగుంది బాబాయ్."

"మీ దగ్గరే ఉందా?"

"ఇదిగో, ఎదురుగానే ఉంది. ఏంటి బాబాయ్?"

అవతల గాలి హోరు, నీళ్ళ చప్పుడు.

"మనసు ఆగక ఇవాళ మళ్ళీ పాయలోకి వెళ్ళానమ్మా. ఆవిడ కనబడింది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ ఒంటరిగానే చూశాను. ఇవాళ చంకలో బిడ్డ ఉంది. నాలుగేళ్ళుంటాయి. నన్ను చూసి ఏడ్చింది. మా అమ్మ సునీల కావాలి, తెనాలి పోదాం అని..."

ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాను.

రంగులు వేస్తున్న చెయ్యి ఆగింది. తల మాత్రం ఇటు తిరగలేదు.

"ఫోను పెట్టెయ్యమ్మా," అంది పాప.

పెట్టేశాను.