మైకత్త గొంతు

“రాలేనే... బస్సు దారిలో ఆగిపోయింది. జనాన్ని నడిరోడ్డు మీద వదిలేసి ఎలా రాను? అమ్మని తీసుకెళ్ళు!”

ఫోనులో డ్రైవరు భర్త అన్న మాట వినగానే కోడలి గుండె జారిపోయింది. అత్తయ్యనా! ఇవాళ తన బతుకు తేలేది అత్తయ్య నోటి మీదనా!

పార్శ్వపు తలనొప్పి ఆమెను పట్టుకున్న దగ్గర్నుంచీ ఇంట్లో వెలుగు లేదు. నిజంగానే లేదు... కిటికీ తీస్తే కళ్ళలో సూదులు దిగేవి, గిన్నె జారిపడితే తల రెండు చెక్కలయ్యేది. నెలలో సగం రోజులు చీకటి గదిలో నుదుటికి తడిగుడ్డ కట్టుకుని పడుండే మనిషిని బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు ఎన్నాళ్ళు భరిస్తారు? కుట్టు పని పోయింది. వికలాంగుల పింఛను అడిగితే, “కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి కదమ్మా!” అన్నారు మొదటిసారి. కనబడని నొప్పిని ఎక్కడని చూపించేది? మళ్ళీ మొరపెట్టుకోగా, ఆస్పత్రి కాగితాలతో పాటు ఇంట్లో కలిసుండే మనిషినొకరిని వెంటబెట్టుకు రమ్మన్నారు. ఇదీ పోయిందంటే ఇక మందుల మాట మరిచిపోవడమే!

పాపను పక్కింట్లో అప్పగించి వచ్చేసరికి అత్తగారు చెప్పులు వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. పద అన్నట్టు చేత్తో సైగ చేసింది. అంతే, మాట లేదు.

ఆ మౌనమే కోడలిని తినేస్తోంది. తోపుడు బండి మీద వీధి వీధీ తిరిగి కూరలమ్మే ఆవిడకి ఒకప్పుడు జనం పెట్టిన పేరు మైకత్త! గడప దాటకముందే కేక మొదలయ్యేది. వంటింట్లోంచి “ఉప్పు డబ్బా ఏదే?” అని అడిగితే పక్కింటావిడ ఉప్పు తెచ్చిచ్చేది! అలాంటి మనిషి, కోడలు మంచమెక్కాక నోటికి తాళం వేసుకుంది. అన్నానికి పిలవాలన్నా భుజం మీద తట్టడమే. వీధులు తిరగడం కూడా మానేసి, సందు చివర బండి ఆపుకుని, వచ్చినవాళ్ళకి తూచి ఇస్తూ కూర్చుంటోంది. ‘నేనంటే ఏవగింపు... కొడుకు కష్టమంతా నా తలకే పోతోందని కడుపుమంట...’ అనుకుని కోడలు ఎన్నిసార్లు దిండు తడిపిందో!

పింఛను ఆఫీసు వరండాలో వాళ్ళు కూర్చున్న బల్ల మీద ఎండ ఏటవాలుగా పడుతోంది. కోడలు కొంగు కళ్ళకి అడ్డం పెట్టుకుంది. అత్తగారు లేచి ఎండకి ఎదురుగా నిలబడింది. పిలుపు వచ్చేదాకా అలాగే నిలబడి ఉంది. కూర్చుని కూర్చుని కాళ్ళు తిమ్మిరెక్కాయేమో అనుకుంది కోడలు.

లోపల డాక్టరమ్మ కాగితాలన్నీ చూసి తలెత్తింది. “పెద్దమ్మా, మీరు చెప్పండి. మీ కోడలికి నిజంగా అంత ఇబ్బందేనా?”

అత్తగారి పెదాలు కదిలాయి. మాట మాత్రం బల్ల దాటలేదు.

“కాస్త గట్టిగా చెప్పండి. వినబడటం లేదు.”

పక్క బల్ల దగ్గరి గుమాస్తా ఫక్కున నవ్వాడు. “ఈవిడ మాట వినబడకపోవడమా! మేడమ్, ఈవిడ మైకత్త! మా వీధిలో కేకేసిందంటే కుక్కరు విజిల్ కూడా వినబడేది కాదు. ఏమైపోయావత్తా, అసలు కనబడటమే మానేశావు?”

“నెమ్మదిగా నాయనా!” అత్తగారు గాభరాగా పెదాల మీద వేలు పెట్టుకుంది. “పక్కన పిల్ల ఉంది. దానికి తల...”

ఆవిడ బల్ల మీదికి వంగి, గుసగుసగానే డాక్టరమ్మకి చెప్పుకొచ్చింది.

“కేకెయ్యడం మానేశాను డాక్టరమ్మా. పొద్దస్తమానం అరిచొచ్చిన గొంతు గడప దగ్గర తగ్గమంటే తగ్గుతుందా? ఓరోజు బండి పెట్టి ఇంట్లోకి వస్తూనే ‘అన్నం తిన్నావా అమ్మా’ అన్నాను. ప్రేమగానే అన్నాను! ఇది రెండు చేతుల్తో చెవులు మూసుకుని, గోడకి తల ఆనించి, లేగదూడలా వణికిపోయింది. ఇంకేం నోరమ్మా ఇది... బేరం తగ్గితే తగ్గింది, ఆ గొంతే వద్దనుకున్నాను.”

కోడలికి ఆ రోజు గుర్తొచ్చింది. ఆ మర్నాటి నుంచే కదూ అత్తయ్య సైగలు! కట్టలు తెంచుకుని వచ్చింది దుఃఖం. “అత్తయ్యా... నా మీద కోపమనుకున్నాను! ఇన్నాళ్ళూ ఎంత పాపిష్టి ఆలోచనలు చేశాను!”

“కోపమొస్తే తిట్టనా పిచ్చిదానా? తిట్టడానికీ గొంతు కావాలిగా!” అని ఆవిడ గుసగుసగానే నవ్వి, కోడలి కళ్ళు తుడిచింది. “ఏడవకు. ఏడిస్తే మళ్ళీ వస్తుంది నొప్పి.”

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. “వైద్యుల కాగితాలు సరిగానే ఉన్నాయి. ఇంట్లో ఎలా బతుకుతున్నారో తెలియాలనే మనిషిని తెమ్మన్నాం. తెలిసింది. మంజూరుకి రాస్తున్నాను.”

పింఛను వచ్చింది. నొప్పి పోలేదు, అది పోయే రకం కాదు. కానీ మందు వేళకి అందుతోంది. కిటికీకి మందపాటి తెర వచ్చింది. మంచంలో గడిచే రోజులు కాస్త తగ్గాయి.

తల తేలిగ్గా ఉన్న ఒక ఉదయం కోడలు బండి దగ్గరికొచ్చి వంకాయల మీద నీళ్ళు చిలకరించింది. “అత్తయ్యా, ఇవాళ వీధులు తిరిగి రండి.”

“మరి గొంతో?”

“రాగానే కాసేపు మెట్ల మీద కూర్చోండి. నేనే మంచినీళ్ళు తెచ్చిస్తా. గొంతు చల్లబడ్డాకే లోపలికి రండి!”

“అమ్మో, ఇంటికి వాచ్‌మన్‌వయ్యావే!” అంటూ ఆవిడ బండి తోసింది. చక్రాల చప్పుడు సందు దాటింది, పెద్ద వీధి దాటింది. ఆ తర్వాత ఎక్కడో దూరం నుంచి, ఇళ్ళ మీదుగా తేలుతూ వచ్చింది... “లేత బెండకాయలో... వంకాయలో... టమాటాలో...!”

ఆడుకుంటున్న పాప ఉలిక్కిపడి లేచి, తల్లి చీర పట్టుకుంది. “అమ్మా, ఎవరే అది?”

“మీ నానమ్మే!”

పాప నమ్మలేదు. కళ్ళు ఇంతలేసి చేసుకుని, ఇంట్లో అలవాటైన గుసగుసతోనే అడిగింది: “నానమ్మకి గొంతుందా!”

కోడలు కిటికీ తెర కొంచెం పక్కకి జరిపి, రెండో కేక కోసం చెవి ఒగ్గింది.