తొమ్మిదో నంబరు కేరేజీ

"టార్గెట్, తొమ్మిదో నంబరు కేరేజీ," అన్నాడు చీఫ్.

ఢిల్లీలోని ఆ బ్రీఫింగ్ రూమ్‌లో తెర మీద స్టీలు టిఫిన్ కేరేజీ ఫొటో వెలిగింది. ఏజెంట్ అమర్నాథ్ నవ్వలేదు. కృష్ణా నది మీద ఒక డ్యాం గేట్లను రిమోట్‌లో ఎత్తే కోడ్‌ని లోపలి మనిషొకడు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. అది విదేశీ ముఠా చేతికి అందితే, వరద రోజుల్లో ఒక్క బటన్ చాలు, కిందనున్న ఊళ్ళకి ఊళ్ళే కొట్టుకుపోతాయి.

"శుక్రవారం పొద్దున కేరేజీ అడుగు గిన్నెలో పెన్‌డ్రైవ్ ఒక మెస్‌కి చేరుతుంది. ఒంటిగంటన్నరకి మన డబుల్ ఏజెంట్ షబీనా భోజనం పార్సిల్‌లా ఆ కేరేజీ తీసుకుంటుంది. మీరు కోడ్‌వర్డ్ చెప్పగానే మీ టేబుల్ మీద పెడుతుంది. క్లియర్?"

"మెస్ ఎక్కడ సార్?"

"నరసరావుపేట. బరంపేటలో హనుమాయమ్మ మెస్. మీరు చదివిన ఊరేగా? ఎవరైనా గుర్తుపడతారా?"

"ఇరవై రెండేళ్ళయింది సార్. ఎవరూ గుర్తుపట్టరు."

అనేశాడు గానీ చెవులు వేడెక్కాయి. ఆ మెస్ మీది గదిలోనే మూడేళ్ళుండి చదువుకున్నాడు మరి. హనుమాయమ్మను పిన్నీ అని పిలిచేవాడు. కాలేజీ ఎన్నికల గొడవలో అతను విసిరిన రాయి ఒక కానిస్టేబుల్ తల పగలగొట్టింది. అప్పటికే అతనికి కేంద్ర సర్వీసులో సెలెక్షన్ వచ్చింది.

"కేసు పడితే నీ ఉద్యోగం గోవిందా. నేను ఇసిరానంటాలే, నువ్వు పో," అన్నాడు హనుమాయమ్మ కొడుకు ధనుంజయ. తనకొచ్చిన డ్రైవరు ఉద్యోగం ఆర్డరు జేబులో పెట్టుకుని అన్నాడు ఆ మాట, పిచ్చి మారాజు. పదకొండు నెలలు జైల్లో ఉన్నాడు. ఆర్డరు చిత్తుకాగితమైంది. అమర్నాథ్ ఒక్క ఉత్తరం ముక్క రాయలేదు. మొదట భయం, తర్వాత పని, ఆ తర్వాతంతా సిగ్గే.

శుక్రవారం మధ్యాహ్నం పెట్టుడు గడ్డం, పురుగుమందుల కంపెనీ బ్యాగు, చెవిలో బియ్యపు గింజంత ఇయర్‌పీస్‌తో నరసరావుపేటలో దిగాడు. బస్టాండు నుంచి కాళ్ళు వాటంతటవే బరంపేట వైపు నడిచాయి. సగం దారిలో తెలివొచ్చి, కొత్తవాడిలా కనపడాలని ఒక పళ్ళబండి మనిషిని దారి అడిగాడు. సొంత ఇంటికి దారి అడిగినట్టుంది అతనికి.

మెస్‌లో గోడవారన చెక్కబల్ల మీద కేరేజీలు వరసగా ఉన్నాయి. తొమ్మిదో నంబరు చివర్న ఉంది. వడ్డిస్తున్న ధనుంజయకి జుట్టు సగం నెరిసింది.

"ఇంకాస్త పప్పు ఏసుకోండి," అన్నాడు వంగి.

ఒరేయ్ అని పిలిచిన నోటి నుంచి ఆ 'అండి' వినేసరికి అమర్నాథ్‌కి తల ఎత్తబుద్ధి కాలేదు. చారు పోయించుకుంటుంటే హనుమాయమ్మ దగ్గరికొచ్చింది.

"ఏ ఊరయ్యా మనది?"

"నెల్లూరండి."

"మా అమరుగాడు కూడా ఇట్టానే అన్నంలో గుంట జేసి చారు పోయించుకునేవాడు. నువ్వు అమరువి కాదూ?"

"కాదమ్మగారూ."

"పోన్లే. ఆడెక్కడున్నా చల్లగుండాలి."

సరిగ్గా అప్పుడే షబీనా లోపలికొచ్చింది. నెమలికంఠం రంగు చుడీదార్, నల్ల కళ్ళద్దాలు. మెస్‌లో సగం మంది చేతులు విస్తళ్ళలోనే ఆగిపోయాయి. ఆమె తొమ్మిదో నంబరు కేరేజీ అందుకుంది.

"మజ్జిగలో ఉప్పు తక్కువైంది," అన్నాడు అమర్నాథ్. అది కోడ్‌వర్డ్.

షబీనా ఇటు తిరగలేదు.

"సార్, వెనక సందులో నల్ల వ్యాన్," ఇయర్‌పీస్ గొణిగింది. "మనది కాదు. మన టీం రావటానికి నాలుగు నిమిషాలు."

డబుల్ ఏజెంట్ మళ్ళీ అమ్ముడుపోయిందన్నమాట. గుమ్మం దగ్గర ఆమె కేరేజీ విప్పి అడుగు గిన్నె చూసింది. పొగలు కక్కే అన్నం తప్ప ఏమీ లేదు. గిరుక్కున వెనక్కొచ్చింది.

"పెద్దమ్మా, ఇందులో నాదొక వస్తువుండాలి."

"ఉందమ్మా. ఎవరి కేరేజీ వచ్చినా, మీ ఇంట్లో తోముకొచ్చినా సరే, మళ్ళీ చింతపండేసి తోమి, కాగే నీళ్ళతో కడిగితే గానీ ఇక్కడ అన్నం పెట్టం." హనుమాయమ్మ పోపుల డబ్బా మూత తీసింది. ఆవాల గిన్నెలోంచి నల్లటి పెన్‌డ్రైవ్ పైకి తీసి పట్టుకుంది.

ఒకప్పుడు ఆ కేరేజీలు తోమినవాడు అమర్నాథే. ఢిల్లీలో కేరేజీ అన్న మాట వినగానే ఈ సంగతి గుర్తురావాలి. మొహం ఎలా దాచుకోవాలా అన్న దిగులే తప్ప ఇన్ని రోజులూ ఇంకేదీ బుర్రకెక్కలేదు.

"పిన్నీ, ఇవ్వొద్దు."

చున్నీ కింద సైలెన్సర్ మొన అతని వైపు తిరిగింది. షబీనా వెనక, చారు బకెట్‌తో వస్తున్న ధనుంజయ ఆగిపోయాడు.

"వద్దనటానికి నువ్వెవరయ్యా? ఆ పిల్ల కేరేజీ, ఆ పిల్ల సామాను," అంది హనుమాయమ్మ.

"నేను అమర్ని."

"ఇందాక కాదంటివిగా."

"అబద్ధమాడాను పిన్నీ."

"అమరుగాడివైతే ఇన్నేళ్ళు ఎందుకు రాలేదో చెప్పు."

పిస్టల్ కంటే ఆ ప్రశ్నే ఎక్కువ భయపెట్టింది. "ఆ రాయి విసిరింది నేను. ధనుంజయ కాదు. నా బదులు వాడు జైలుకెళ్ళాడు. మొహం చెల్లక రాలేదు."

హనుమాయమ్మ గుప్పిట పెన్‌డ్రైవ్ మీద బిగుసుకుంది. రౌడీని కన్నావని చుట్టాలన్న మాటలు ఇరవై రెండేళ్ళుగా పడిన మనిషి ఆమె. కొడుకు వైపు చూసింది. అతను కాదనలేదు.

"చాలు," అంటూ షబీనా పిస్టల్ పైకెత్తింది. ధనుంజయ బకెట్‌లో చారంతా ఆమె మోచేతి మీద కుమ్మరించాడు. తూటా వెళ్ళి ఫ్యాను రెక్కకు తగిలింది. రెండోది పేలేలోగా అమర్నాథ్ ఆమె మణికట్టు విరిచి పట్టుకున్నాడు. టీం వచ్చి వ్యాన్‌ని చుట్టుముట్టేసరికి నాలుగో నిమిషం నిండింది.

"ఎందుకు చెప్పావురా?" అన్నాడు ధనుంజయ, ఖాళీ బకెట్ కింద పెట్టి. "అమ్మకి తెలవకుండా ఇన్నేళ్ళు దాచా."

హనుమాయమ్మ పెన్‌డ్రైవ్ అమర్నాథ్ చేతిలో పెట్టింది. తిట్టలేదు, దగ్గరికి తీసుకోలేదు.

"నీ పని జూసుకొని పో. మళ్ళా వచ్చేటప్పుడు ఆ గడ్డం పీకేసి రా. వచ్చి, ఇందాక నాకు చెప్పిందే ఈ బజారులో ఇంటింటికీ పోయి చెప్పు."

"చెబుతాను పిన్నీ."

వీధిలోకొచ్చాక ఫోన్ మోగింది.

"వెల్ డన్," అన్నాడు చీఫ్. "మిమ్మల్నెవరూ గుర్తుపట్టలేదు కదా?"

"లేదు సార్," అన్నాడు అమర్నాథ్, ఊడిపోతున్న గడ్డం తడుముకుంటూ. "నేనే చెప్పుకోవాల్సొచ్చింది."