పదకొండు సెకన్లకు సంతకం

అమెరికాలో, నేపర్‌విల్ దగ్గర మా కాలేజీలో ఏటా ఒక డాక్యుమెంటరీకి అవార్డు ఇస్తారు. 2008 డిసెంబరులో ఇచ్చేది ఇరవై ఐదోది. 1984లో మొదటిసారి క్యాంటీన్ గోడకి దుప్పటి కట్టి సినిమా వేశారట. చూసినవాళ్లు తొమ్మిది మంది, అందులో ఇద్దరు వంటవాళ్లు. తర్వాత మెల్లగా హాలొచ్చింది, జడ్జీలొచ్చారు, టైలు కట్టుకునే పెద్దమనుషులొచ్చారు. ఈ చరిత్రంతా ఇరవై నిమిషాల సినిమాగా కుదించే పని నా నెత్తిన పడింది. ఏడాదికో ముక్క చొప్పున పాతిక ముక్కలు. ఒక్కటి తగ్గినా ఊరుకోనని ప్రొఫెసర్ ముందే చెప్పాడు. ఆయనకి కోపమొస్తే నా అసిస్టెంట్‌షిప్ పోతుంది, దాని వెనకాలే చదువూ వీసా పోతాయి.

ఫంక్షన్ సాయంత్రం ఏడింటికి. మధ్యాహ్నానికి ఇరవై నాలుగు ముక్కలు సిద్ధం. 1991 దగ్గర బండి ఆగింది.

ఆ ఏడు గెలిచింది, మూతపడబోతున్న ఒక వృద్ధాశ్రమం మీద తీసిన సినిమా. టేపంతా బూజుపట్టి, పదకొండు సెకన్లే మిగిలాయి. ఒక ముసలామె కిటికీ వైపు తిరిగి కుర్చీలో కూర్చుని ఉంటుంది. వీపు, తెల్లజుట్టు, పాత ఉన్ని శాలువా. అంతే.

"అది వాడకమ్మా," అన్నారు శేషగిరి అంకుల్. ఇరవై ఏళ్లుగా మా ఫిల్మ్ లైబ్రరీ చూసుకుంటున్నది ఆయనే. ఆ కాలేజీలో నన్ను తెలుగులో తిట్టే హక్కున్న ఒకే ఒక్క మనిషి. "డాక్యుమెంటరీలో కనబడే ప్రతి మనిషీ రిలీజ్ ఫారం మీద సైన్ చేయాలి. నా రూపం, నా గొంతు మీరు వాడుకోవచ్చు అని. ఈవిడది లేదు. అవార్డు ఇచ్చేశాక గానీ ఎవరూ చూసుకోలేదు."

"ఇప్పుడు కాంటాక్ట్ చేయలేమా అంకుల్?"

"ఎవరని చేస్తావ్? ఆశ్రమం రిజిస్టర్‌లో ఆవిడ పేరే లేదు. షూట్ చేసినవాడు కూడా ఆ గదిలో ఉత్త కుర్చీయే చూశానన్నాడు. స్కిప్ చేసేయ్."

తలూపి వచ్చేశాను. ప్రోగ్రెస్ కార్డు మీద నాన్న సంతకం పెట్టిన చెయ్యి నాది, ఇదొక లెక్కా? ఖాళీ ఫారం తీసి, పేరు దగ్గర ఏదో గిలికి, కింద సంతకం చేశాను. తొందరలో అలవాటు కొద్దీ నా సంతకమే పడింది. ఆ కోడిగీతలు ఎవరు చదవొచ్చారులే అనుకుని ఫైల్లో పెట్టేశాను.

నాలుగున్నరకే బయట చీకటి పడిపోయింది. కిటికీ అద్దానికి మంచు ఒకటే కొడుతోంది. ఎడిటింగ్ గదిలో హీటర్ గుర్రుమంటోంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ముక్కని ప్లే చేశాను.

తడిసిన ఉన్ని వాసన వచ్చింది. నా కోటు అనుకున్నాను. కోటు పొడిగానే ఉంది.

మళ్లీ ప్లే చేశాను. ఈసారి ఆమె చెంప కనిపించింది. ఇంతకుముందు కనబడలేదు... చూసుకోలేదేమో.

మళ్లీ ప్లే చేశాను. చెంప, ముక్కు... కంటి చివర.

నాకు భయమేసింది. ఆపేద్దామనుకుంటూనే ఇంకోసారి నొక్కాను.

కుర్చీ ఖాళీగా ఉంది.

"అంకుల్... ఒకసారి ఇటు వస్తారా?"

అది నా గొంతు. నేను నోరు విప్పలేదు. హెడ్‌ఫోన్స్ లాగేశాను. గొంతు వాటిలోంచి కాదు... వరండా చివర, రీళ్లు పెట్టే స్టోర్ గదిలోంచి వస్తోంది.

"వస్తున్నానమ్మా దేదీప్యా," అంటూ శేషగిరి అంకుల్ అటు నడుస్తున్నారు. అద్దం తలుపులోంచి కనబడుతున్నారు. ఆగండి అని అరిచాను. గాలి వచ్చింది. శబ్దం రాలేదు. మళ్లీ అరిచాను... గాలే.

పరుగెత్తాను. నేను చేరేసరికి తలుపు మూసుకుంది. బాదాను, గుద్దాను. లోపల నా గొంతు మెల్లగా ఏదో చెబుతోంది. ఆయన నవ్వుతున్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. నా రూపం, నా గొంతు... కింద ఉన్నది నా సంతకం.

వెనక్కి పరుగెత్తి, ఫైల్లోంచి ఫారం లాగి చింపాను. ముక్కలు ముక్కలు చేశాను.

"అంకుల్!"

కేక బయటికొచ్చింది. అక్కడే ఏడ్చేశాను.

స్టోర్ తలుపు తెరుచుకుంది. ఆయన క్షేమంగా బయటికొచ్చారు. చేతిలో పెన్ను.

"ఎందుకమ్మా ఆ అరుపులు? సైన్ చేసేశాగా."

"దేని మీద?"

"నువ్విచ్చిన ఫారం మీదే. హిస్టరీ సినిమాలో నన్ను కూడా చూపిస్తానన్నావు కదా." ఆయన కళ్లు చెమర్చాయి. "ఇరవై ఏళ్లకి ఒకరికి గుర్తొచ్చాను."

"ఆ కాగితం ఏదీ అంకుల్?"

"ఇప్పుడే నీ చేతికిచ్చాను కదమ్మా."

ఆయన్ని తోసుకుని స్టోర్‌లోకి వెళ్లాను. లైట్ వేశాను. అరలు, డబ్బాలు, నేల... మోకాళ్ల మీద పాకి మరీ వెతికాను. కాగితం లేదు. తడి ఉన్ని వాసన ఒక్కటే ఉంది.

బయటికొచ్చి, "అంకుల్, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి," అన్నాను.

ఆయన పెదాలు కదిలాయి. ఏమీ వినబడలేదు. ఆయన తన గొంతు పట్టుకుని నా వంక చూశారు... మళ్లీ పెదాలు కదిలించారు.

నా వెనక, ఎవరూ లేని ఎడిటింగ్ గదిలోంచి శేషగిరి అంకుల్ ఆప్యాయంగా పిలిచారు.

"దేదీప్యా... ఒకసారి ఇటు రామ్మా."