చీర మడతలో ‘జల్లు’

ధర్మవరంలో పట్టుచీరల అంగడి కేశవులు శెట్టిది. తండ్రిది పట్టు, కొడుకు భరత్‌కుమార్‌ది పట్టుదల. ఆ పట్టుదలతోనే ‘జల్లు’ అనే పత్రిక పెట్టాడు. రాజకీయం, సాహిత్యం, కళలు, సైన్సు అన్నీ ఉంటాయి, చందాదారులు తప్ప. మూడు నెలలకోసారి అచ్చయ్యేది గానీ, అచ్చిరాలేదు. వానజల్లే దిక్కులేని జిల్లాలో, దుడ్లిచ్చి ‘జల్లు’ కొనేవాళ్లెవరు?

ఆ పొద్దు ఉరవకొండ నుంచి ఒక తల్లీ, కూతురూ అంగట్లోకి వచ్చారు. పెద్ద కూతురి పెళ్లికి చీర కావాలంది ఆంజినమ్మ. చిన్న కూతురు సునంద మాట్లాడకుండా ముదురాకుపచ్చ చీర వైపు వేలు చూపింది. భరత్ దాన్ని తీసి ఒక్క విదిలింపు విదిలించాడు.

మడత నలగకుండా లోపల పెట్టిన కాగితం జారి సునంద ఒళ్లో పడింది.

“శెనక్కాయ పువ్వు మట్టిలోకి ఎందుకు దిగుతుంది?” అని శీర్షిక పైకి చదివింది. కింద రాసినవాళ్ల పేరు చూసి ఆగిపోయింది. అది తన పేరే.

“ఇది ‘జల్లు’ గదా?”

“ఏదో పాత కాగితం లెండి...”

ఆ గొంతు వినగానే సునంద తలెత్తింది. కొన్నాళ్లుగా ఫోన్లో “ఇంకో వ్యాసం పంపండి” అని బతిమాలుతున్న గొంతది. మనిషిని చూడటం ఇదే మొదలు. భరత్‌కూ ఆమె గొంతు తెలిసిపోయింది. ఆ ముఖం బాగుందని అనుకునేలోగా తనకు ముఖం చెల్లకుండా పోయింది.

“ఏమప్పా ఎడిటరూ! ఒక్క కాపీ గూడా మిగల్లేదంటివే?”

“మిగల్లేదు... అన్నీ చీరల్లోకి పోయినాయి.”

“జనం ఎగబడి చదువుతాండారంటివే?”

భరత్ చీర అంచు సర్దాడు. సర్దడానికి అక్కడేమీ లేదు.

“రంగు బాగుండాది గదే, ఏంది నీ గలాటా?” అంది ఆంజినమ్మ.

“నా బిడ్డ రాస్తే పుస్తకాలన్నీ అమ్ముడుపోయినాయని నాయన ఊరంతా చెప్పుకున్నాడమ్మా! ఇప్పుడు ఆయప్ప తల యాడ పెట్టుకోవాల?” కళ్లు తుడుచుకుంటూ సునంద మెట్లు దిగింది. చీర వదిలేసి తల్లి కూడా వెనకే పోయింది.

“ఏమిరా, బేరం పోయిందా?” గల్లాపెట్టె దగ్గర నుంచి కేశవులు అడిగాడు.

“మర్యాదే పోయింది నాయనా.”

మర్నాడు భరత్ ఉరవకొండ బస్సెక్కాడు. సునంద తండ్రి ఎర్రన్న చేన్లో ఉన్నాడు. ఆయన ముందు నిలబడేసరికి భరత్ చొక్కా చెమటకు తడిసింది. ఆ చుట్టుపక్కల తడిసింది అదొక్కటే.

“అన్నా, నేను ‘జల్లు’ ఎడిటర్ని. అన్నీ అమ్ముడుపోయినాయని సునందకు అబద్ధం చెప్పినా. మా నాయన చీరల్లో పెడతాంటే చూస్తా ఊరకున్నా.”

ఎర్రన్న ఒక శెనక్కాయ చెట్టు పీకి చూపించాడు. దుమ్ము రాలింది, కాయ లేదు.

“మట్టి గట్టిపడి పువ్వు ఊడలు లోపలికి దిగలేదప్పా. అయినా మా వియ్యంకుడు అడిగితే పంట బాగుండాదనే చెప్తాండా. పెద్దదాని పెళ్లి కావాల గదా. నాకూ సిగ్గే. నీకేం అవసరమొచ్చె?”

“అమ్ముడుపోలేదంటే రాయడం మానేస్తాదని. రాయకుంటే ఫోన్ చేయదు. చేయకుంటే...”

“చేయకుంటే?” వెనక నుంచి సునంద. చేతిలో సంగటి క్యారియరు.

భరత్ చెవులు ఎర్రబడ్డాయి. “నాకు పొద్దు పోదు.”

“పొద్దు పోకుంటే పేకాటాడుకో!”

“నువ్వంటే ఇష్టం. ఎవరూ కొనని పత్రిక నాదని నీకు చెప్పుకునేదానికి సిగ్గయ్యింది.”

సునంద క్యారియరు తండ్రి ముందు పెట్టింది. “అమ్ముడుపోవాలని నేనెప్పుడన్నా అడిగినానా? నువ్వన్నా చదివినావా?”

“చదివినా. పువ్వు సిగ్గుపడినట్లు వంగి మట్టిలో తల దాచుకుంటాదని రాసినావు. ఈ పొద్దు నాకూ అట్లే ఉండాది.”

“ఈ మట్టిలో నీ తల దూరదులే,” అన్నాడు ఎర్రన్న. సునంద పైట అడ్డం పెట్టుకుని నవ్వింది.

“ఇంగొక మాటప్పా. నన్ను అన్నా అంటివి. ఆ లెక్కన నా బిడ్డ నీకు కూతురు వరసైతాది.”

భరత్ బిక్కచచ్చిపోయాడు.

“మార్చుకో మరి!” అంటూ ఎర్రన్న సంగటి ముద్ద మూడు భాగాలు చేశాడు.

“మా... మామా,” అన్నాడు భరత్ తల వంచుకుని.

“గట్టిగా చెప్పు,” అంది సునంద. “ఇదన్నా అబద్ధం కాదు గదా?”