మామగారి పులి

కోడలు పాలగిన్నె స్టవ్ మీద పెట్టి, మంట తగ్గించి, శాలువా కింద పులి పంజా దాచుకుని పెరటి దారిన వాగు దగ్గరికి బయల్దేరింది. మామగారు లేచి మొహం కడుక్కుని చేతికర్ర అందుకునేలోగా పని ముగించుకు రావాలి. రాళ్ళ మధ్య తడి ఇసుక మీద పంజాను గట్టిగా అదిమి, తన చెప్పుల గుర్తులు కొమ్మతో చెరిపేసి, పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చిపడింది. ఇన్నేళ్ళుగా చేస్తున్నా, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూసుకోవడం మాత్రం మానలేదు.

ఆ పంజా హాల్లో మూలన గడ్డి కూరి నిలబెట్టిన పులిది. దాన్ని చంపింది మామగారి తండ్రి. ఇంటిల్లిపాదీ ఇప్పటికీ పెద్దాయన అనే చెప్పుకునే ఆ మనిషి దొరల కాలంలో పేరు మోసిన వేటగాడు. దొరలు మంచె మీద కూర్చుంటే పులిని వాళ్ళ తుపాకుల ముందుకు తోలేది ఆయనే, వాళ్ళ గురి తప్పితే చంపిపెట్టేదీ ఆయనే. కష్టం ఆయనది, ఫోటో దొరలది. ఒక ఏడాది వేటకాలమంతా మంచె మీద కాచుకున్నా ఒక్క పులీ రాలేదట. తను చేసిన పనేమిటో ఆయనకప్పుడు తెలిసొచ్చింది. తుపాకీ అటకెక్కించి, మిగిలిన బతుకంతా ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగి, ఆ అడవిలో వేట నిషేధం తెప్పించాడు. పోయే ముందు కొడుకు చెయ్యి పట్టుకుని, చంపినవాటిని తిరిగి తేలేను, ఉన్నవాటినైనా పోనివ్వకు అన్నాడు. కొడుకు ఆ ఒక్క మాట కోసం అడవి ఉద్యోగంలోనే తల నెరిపించుకున్నాడు.

అత్తగారు పోయిన ఏడే, ఆ అడవిలో మిగిలిన ఒక్క ముసలి మగపులి అడుగులు కూడా వాగు ఒడ్డున కనిపించడం మానేశాయి. మామగారు అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికి లేచిపోయేవారు. మనిషి చిక్కి సగమయ్యారు. అలాంటి రోజుల్లో హాల్లో దుమ్ము దులుపుతుంటే, కుట్లు చివికిపోయిన పంజా ఒకటి ఊడి కోడలి చేతిలోకొచ్చింది. ఆమె బుర్రలో ఆ పాడు ఆలోచన పుట్టింది అప్పుడే. మర్నాడు ఆయన వాగు నుంచి పసిపిల్లాడిలా నవ్వుతూ వచ్చి, మన ముసలాడు బతికే ఉన్నాడమ్మా అని చెప్పి, మారు వడ్డించుకుని తిన్నారు. ఈ ఒక్కసారికే అనుకుంది. అబద్ధం ఒక్కసారితో ఆగితే ఇంకేం? తండ్రి చంపిన పులిని చూడలేక ఆయన ఎప్పుడూ హాల్లో కుర్చీ అటు తిప్పుకునే కూర్చుంటారు కాబట్టి, ఊడిన కాలికి అడ్డంగా ఒక పూలకుండీ పెడితే సరిపోయింది.

ఈ రోజు వాగు నుంచి వచ్చి వంటింట్లో అడుగుపెట్టేసరికి స్టవ్ కట్టేసి ఉంది. పక్కన ఆమె కూతురు నిలబడి ఉంది. అడవి శాఖలోనే ఉద్యోగం చేస్తున్న పిల్ల, చెప్పాపెట్టకుండా మొదటి బస్సుకి వచ్చేసింది. తాతయ్య అప్పుడే వీధి దారిన వాగు వైపు వెళ్ళాడని చెప్పి, తల్లిని హాల్లోకి తీసుకెళ్ళి పూలకుండీ పక్కకి జరిపింది. సంచిలోంచి ప్లాస్టర్ అచ్చు తీసి బల్ల మీద పెట్టింది. వాగు ఒడ్డున పడ్డ అడుగులో మామగారు ప్లాస్టర్ పోసి తీసి, ఆఫీసుకి పంపిన అచ్చు అది.

"మా ఆఫీసులో దీన్ని చూసి నవ్వారమ్మా. అరికాలి మీద కుట్ల గుర్తు కూడా పడింది. ఎవరి పనిది?"

తల్లి శాలువా ఇంకా గట్టిగా చుట్టుకుంది. "నువ్వు చదువుకని వెళ్ళిపోయావు. ఆయన తినడం మానేస్తే నా కళ్ళ ముందే కదే ఎండిపోయింది. నేనేం చెయ్యను?"

కూతురు తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. కొన్నేళ్ళ కిందట వేరే అడవి నుంచి ఒక పులుల జంటను తెచ్చి ఇక్కడ వదలాలనుకున్నారట. ముందుగా తాతయ్యను అడిగారట. ఇక్కడ ముసలి మగపులి ఉంది, కొత్తవాటిని తెస్తే కొట్టుకు చస్తాయి, వద్దని ఆయన తెగేసి చెప్పారట. పెద్దాయన కొడుకు మాటకి తిరుగేముంది, ఆ జంటను ఇంకో అడవికి పంపేశారు. ఇప్పుడు అడవంతా కెమెరాలు పెట్టి చూస్తే ఒక్క పులీ పడలేదు. పులి లేని అడవికి కాపలా దేనికని, క్వారీ కోసం అడవిని తెరుస్తున్నారు.

తల్లికి ఆ సాయంత్రం గుర్తొచ్చింది. ఎవరో వస్తే వెనక్కి పంపేశానని, మన ముసలాడి జోలికి ఎవర్నీ రానివ్వనని మామగారు ఎంతో గర్వంగా చెప్పారు. ఎవరొచ్చారు, ఎందుకొచ్చారు అని తను అడగనైనా లేదు. ఆయన కడుపునిండా తింటున్నారు కదా, అదే పదివేలనుకుంది.

"ప్లాస్టర్ డబ్బా ఎక్కడ పెట్టావమ్మా?" అన్న మాట వినిపించి ఇద్దరూ తిరిగి చూశారు. మామగారు గుమ్మంలో ఉన్నారు. అడుగు అచ్చు తీద్దామని డబ్బా కోసం వచ్చిన మనిషి, ఎంతసేపటి నుంచి నిలబడ్డారో తెలీదు. ఆయన చూపు మూడు కాళ్ళ పులి మీద ఉంది. కోడలి ముందుకొచ్చి చెయ్యి చాపారు. ఆమె శాలువాలోంచి పంజా తీసి ఆ చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"నడిచే పులి బరువు వేళ్ళ మీద పడుతుంది. ఆ అడుగుల్లో మడమే లోతు. జీవితమంతా ఇదే పని చేసినవాణ్ణి, నాకు కనపడలేదు చూడు."

"అంతా అమ్మే..." అంటూ మనవరాలు గొంతు పెంచబోయింది.

"అమ్మనేమీ అనకు," అన్నారు ఆయన.

మనవరాలి చేత ఫోన్ కలిపించి, ఆమె పై అధికారితో ఆయనే మాట్లాడారు. పులి లేదు, చెప్పింది నేను, తప్పు నాది, ఆ జంటను ఇప్పుడైనా తెప్పించండి అని బతిమాలారు. ఎవరినీ ఏదీ అడిగి ఎరగని మనిషి అలా దేబిరిస్తుంటే కోడలు చూడలేక మొహం తిప్పుకుంది. అవతలి మనిషి మర్యాదగానే జవాబు చెప్పాడు. ఆ జంట వెళ్ళినచోట పిల్లల్ని కూడా పెట్టిందట. ఇక్కడి కాగితాలన్నీ సంతకాలైపోయాయట, తన చేతిలో ఏమీ లేదట.

ఫోన్ మనవరాలికి ఇచ్చేసి ఆయన పెరటి మెట్ల మీద కూర్చున్నారు. భోజనానికి పిలిస్తే రాలేదు. పొద్దు వాలేవేళ కోడలు వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి, నన్ను తిట్టండి మామయ్యా అని వెక్కివెక్కి ఏడ్చింది.

"నాన్న పులుల్ని చంపి ఏడ్చాడు," అన్నారు ఆయన. "నువ్వు నన్ను బతికించుకుని ఏడుస్తున్నావు. నిన్నేమని తిట్టనమ్మా? నా శత్రువు ఎవడైనా ఉంటే నిజం చెప్పేవాడు." ఆయన చెయ్యి ఆమె తల మీద పడింది. ఆ చేతిలో బరువు లేదు.

చీకటి పడుతోంది. పెద్దాయన కాలం నుంచీ ఆ ఇంట్లో దీపాలు పెట్టకముందే పెరటి తలుపుకి అడ్డగడియ వెయ్యాలి, వాగుకి పులి వచ్చే వేళ అది. కళ్ళు తుడుచుకుని, మామగారిని లేపి లోపల కూర్చోబెట్టి, కోడలు అలవాటుగా గడియ మీద చెయ్యి వేసింది.

"ఉండనీ అమ్మా," అన్నారు మామగారు. "ఇంకెవరొస్తారు?"