గోడ మీద ఖాళీ మేకు

వీధి చివరి ఫొటో స్టూడియో ముందు నుంచి చీకటి పడ్డాక ఎవరూ నడవరు. మురుగుకాలువ దూకి అటు గట్టున పోతారు. కాలువలో జారిపడి నడుము విరగ్గొట్టుకున్నవాళ్ళు ఉన్నారు గానీ, స్టూడియోలో దెయ్యం పట్టినవాళ్ళు ఇంతవరకు ఒక్కరూ లేరు. అయినా భయం భయమే.

ఫొటోగ్రాఫరు పోయి నెల దాటింది. ఆయన భార్య చెల్లెలి ఊరు వెళ్ళిపోయింది. ముందు తలుపుకు తాళం. అయినా రాత్రయితే లోపల్నుంచి ఎవరో గుసగుసగా పిలుస్తారు... ఒకే పేరు. మళ్ళీ మళ్ళీ అదే పేరు.

ఆ పేరు పైకి అనకూడదని వీధంతా తీర్మానించుకుంది. దానివల్ల చిక్కొచ్చి పడింది మిషను కుట్టే ఆవిడ ఒక్కతెకే. అది ఆవిడ పేరు మరి.

ఇస్త్రీ అతను కిటికీ సందులోంచి తొంగిచూసి వచ్చి చెప్పాడు. లోపల గోడ మీద వరసగా ఫొటోలు. కండక్టరమ్మ, బడి పంతులమ్మ, పాలావిడ, ఎవరో పెళ్ళికూతురు. ఒకరికొకరు చుట్టం కారు, పోలిక అసలే లేదు. ఫొటోల కింద రాసిన పేరు మాత్రం అందరిదీ ఒక్కటే. వాళ్ళలో ముగ్గురు పోయారు కూడా. ఒకావిడ తొంభై దాటి, మనవళ్ళని తిట్టి తిట్టి అలిసిపోయి పోయింది. ఆ సంగతి మాత్రం ఇస్త్రీ అతను మింగేశాడు.

"చివరి ఫొటో నీదేనట వదినా!" అంది ఆడపడుచు, కన్నీళ్ళు రాకపోయినా కళ్ళొత్తుకుంటూ. "పక్కన ఖాళీ మేకు కూడా ఉందట."

మిషను ఆవిడ నవ్వేసింది. ఆ వీధిలో దెయ్యాలంటే అందరికంటే గట్టిగా నవ్వేది ఆవిడే. కానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నిజమే. కుట్టుపని నేర్పే ఉద్యోగం కోసం అక్కడే ఫొటో దిగింది. నొక్కే ముందు ఫొటోగ్రాఫరు పేరు పెట్టి పిలిచాడు. ఎవరినైనా అలాగే పిలిచేవాడు. తన పేరు విన్నప్పుడే మనిషి ముఖం తెరుచుకుంటుందనేవాడు. ఆ వారంలోనే పోయాడు. అప్పట్నుంచి ఆవిడకి రెండుసార్లు జ్వరం. మిషను సూది వేల్లోకి దిగబడింది. ఇంకేం కావాలి?

తన ఫొటో ఆ గోడ మీద ఉన్నంతకాలం తను బతకదని ఆవిడకి ఖాయమైపోయింది. పట్టపగలు వెళ్తే వీధంతా ఎగతాళి చేస్తుంది. అందుకని వాన పడి కరెంటు పోయిన రాత్రి మొగుణ్ణి లేపింది.

"వస్తా. కానీ మలుపు దగ్గరే ఉంటా. మోకాలు నొప్పి," అన్నాడాయన. ఆ మోకాలితోనే పొద్దున పేకాటకి ఊరవతల దాకా నడిచాడు. "ఇదిగో, నా చిన్న టార్చి తీసుకో. నాకు చీకటైనా ఫర్లేదు. ఏమన్నా అయితే కేకెయ్."

కేకేస్తే ఎటు పరిగెత్తాలో ఆయన అప్పటికే చూసి పెట్టుకున్నాడు.

వెనక తలుపు గడియ వదులని అందరికీ తెలుసు. తోస్తే జారింది.

లోపల ఫొటోలు కడిగే మందుల వాసన, తడి గుడ్డ వాసన. టార్చి వెలుగు నేల మీద పాకి... గోడ ఎక్కింది.

కండక్టరమ్మ. పంతులమ్మ. పాలావిడ. ఒక్కొక్క ముఖం వెలుగులోకి వస్తోంది, పోతోంది. అందరూ తననే చూస్తున్నారు. వేరు వేరు ముఖాలు, కానీ చూపు ఒక్కటే. గడ్డం కాస్త పైకి, పెదవులు కాస్త విడి, ఎవరో ఇప్పుడే పిలిస్తే "ఆఁ?" అన్నట్టు...

చివర — తను.

పక్కన ఖాళీ మేకు.

చెయ్యి చాపి తన ఫొటో తీసింది. ఫ్రేము గోడకి టక్కున కొట్టుకుంది.

అప్పుడు వినపడింది... తెర వెనక నుంచి, మెల్లగా... తన పేరు.

కేకెయ్యాలనుకుంది. ఫొటో పట్టుకుని ఒక్కడుగు వెనక్కి వేసింది.

మళ్ళీ పిలిచింది. ఈసారి దగ్గర్నుంచి. తెర కదిలింది. తెల్లటి వేళ్ళు నాలుగు తెర అంచు పట్టుకున్నాయి.

"ఎవరమ్మా అదీ?"

టార్చి వెలుగులో ఫొటో పిన్ని. ఫొటోగ్రాఫరు భార్య.

"పిన్నీ! నువ్వా? చెల్లెలి ఊరు వెళ్ళావనుకున్నాం కదా!"

"వెళ్ళా. ఉండలేక ఎవరికీ చెప్పకుండా వెనక తలుపున వచ్చేశా."

"మరి నా పేరు పెట్టి పిలుస్తున్నావెందుకు? పై ప్రాణం పైనే పోయింది!"

ముసలావిడ తెర పక్కకి లాగి ఇవతలికి వచ్చింది.

"నీ పేరు కాదమ్మా. నా పేరు."

మిషను ఆవిడ నోరు తెరిచింది. ఇన్నేళ్ళలో ఫొటో పిన్నికి ఓ పేరుందని ఆ వీధిలో ఒక్కరికీ తోచలేదు.

"మీ బాబాయికి సిగ్గెక్కువ. 'ఏమోయ్' అనేవాడు తప్ప పేరు పెట్టి పిలవలేదు ఎన్నడూ. నా పేరుగల మనిషి ఫొటోకి వస్తే మాత్రం... ఎంత బాగా పిలిచేవాడనుకున్నావ్! తెర వెనక నేనున్నానని తెలుసు ఆయనకి. ఆ ఫొటో ఇంకోటి కడిగి ఇక్కడ తగిలించేవాడు. ఇప్పుడు పిలిచేదెవరు? అందుకే నేనే పిలుచుకుంటున్నా."

"ఆ మేకు?"

"నాది. ఎన్నిసార్లు కూర్చోబెట్టినా నవ్వొచ్చి లేచిపోయేదాన్ని."

మిషను ఆవిడ తన ఫొటో మళ్ళీ తగిలించేసింది. భయం పోయింది, సిగ్గు మిగిలింది.

"కూర్చో పిన్నీ. నేను తీస్తా."

ముసలావిడ స్టూలు మీద కూర్చుని తల వంచుకుంది. మిషను ఆవిడ, గుండుసూదులు నోట్లో పెట్టుకునే అలవాటు కొద్దీ, టార్చి పళ్ళ మధ్య కరిచిపట్టి రెండు చేతులా ఫోను ఎత్తింది. పెద్దావిణ్ణి పేరు పెట్టి ఎలా పిలవడమా అని తటపటాయిస్తోంది...

ముసలావిడ గడ్డం పైకి లేచింది. పెదవులు విడ్డాయి. గోడ మీది ముఖాల్లాగే ముఖం తెరుచుకుంది.

నొక్కింది.

"ఎంత బాగా పిలిచావే తల్లీ," అంది ముసలావిడ కళ్ళు తుడుచుకుంటూ. "అచ్చం ఆయన గొంతే."

మిషను ఆవిడ బదులు చెప్పలేదు. చెప్పాలంటే ముందు నోట్లోంచి టార్చి తియ్యాలి.